వంశవృక్షం ఎవరిది?
కెన్నెత్ అండర్సన్ పుస్తకాలపై ఒక పరిశీలన

కెన్నెత్ అండర్సన్ పేరు హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువాళ్లలో ఎందరికి తెలుసో గాని, ఆయన ఇంగ్లీషు పుస్తకాల పుణ్యమా అని మన జవళగిరి, గుమ్మళాపురం, అంచెట్టి, డెంకణికోట దేశదేశాల పాఠకులకు తెలుసు. 1954లో వచ్చిన ఆయన మొదటి వేటకథల సంపుటిలో మొట్టమొదటి కథ జవళగిరి పులిది. రెండోది గుమ్మళాపురం చిరుతది. ఆ చిరుత 42 మందిని చంపిందని ఆయన రాశాడు. 1959లో వెలువడిన మరో సంపుటికి డెంకణికోట దగ్గరి శివానిపల్లి నల్లచిరుత మీదనే పేరు పెట్టాడు. మన గురించి మనం రాసుకోకముందే మన పల్లెల పేర్లను ఇంగ్లీషు పుస్తకం అట్టమీదికి ఎక్కించినవాడు అండర్సన్.

ఆయన్ని గురించి రాసేవాళ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: స్కాట్లాండు నుంచి వచ్చి ఆరు తరాలుగా ఇండియాలో స్థిరపడిన కుటుంబం ఆయనది. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఆ ఒక్క వాక్యాన్నే. నేను సాహిత్య పట్టాలు పుచ్చుకున్నవాణ్ణి కాను. కామర్సు చదివి బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఏ ఖాతా చూసినా ఎప్పుడు తెరిచారు, ఎవరి పేరున ఉంది, తర్వాత ఎవరికి చెందుతుంది అని చూడడం మా వృత్తిలో అలవాటు. ఈ పుస్తకాలనూ ఆ చూపుతోనే చదివాను.

ముందు అండర్సన్ల ఖాతా. కెన్నెత్ 1910లో సికింద్రాబాదు పక్కనున్న బొల్లారంలో పుట్టాడు. తండ్రి సైనికుల జీతాల లెక్కలు చూసే కొలువులో ఉండేవాడు. కొడుకు బెంగుళూరులో బిషప్ కాటన్ బడిలోనూ, సెయింట్ జోసెఫ్ కాలేజీలోనూ చదువుకున్నాడు. లా చదవమని ఎడింబరో పంపితే మధ్యలోనే మానేసి తిరిగివచ్చాడు. ముత్తాతల దేశం కాళ్లకింద ఉండి కూడా ఆయన్ని నిలుపుకోలేకపోయింది. తర్వాత తపాలా తంతి శాఖలోనూ, బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలోనూ ఉద్యోగం చేశాడు. సెలవు దొరికితే మన అడవులే. 1974లో కన్నుమూశాడు.

1947 తర్వాత ఇలాంటి కుటుంబాలు ఎన్నో ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు ఓడలెక్కాయి. తాతలు ఎన్ని తరాల కింద వచ్చారో లెక్కలు తీసి, అక్కడి పౌరసత్వానికి దారులు వెతుక్కున్నారు. కెన్నెత్ కొడుకు డొనాల్డ్ మాత్రం బెంగుళూరులోనే ఉండిపోయి 2014లో అక్కడే చనిపోయాడు. జాషువా మాథ్యూతో కలిసి ఆయన చెప్పుకున్న జ్ఞాపకాలు 2018లో పుస్తకంగా వచ్చాయి. తండ్రి పుస్తకాలతో కలిపి ఈ పుస్తకాన్నీ చదివితే, వలస వచ్చిన ఒక కుటుంబం ఎక్కడ వలసగా ఉండడం మానేసిందో కొంత అర్థమవుతుంది.

ఇటువంటి వంశాల ఆచూకీ తీయడం ఇవాళ కష్టం కాదు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు, బొంబాయి, బెంగాలు రాజధానుల చర్చి పద్దులు చాలావరకు భద్రంగా ఉన్నాయి. బాప్తిస్మం, పెళ్లి, ఖననం అంటూ మనిషికి మూడు పద్దులు. 1998లో ఏర్పడిన ఒక సంఘం ఇలాంటి కుటుంబాల చరిత్రలు వెతుక్కునేవారికి సాయపడుతోంది. అయితే ఈ పద్దుల్లో ఒక లోపం ఉంది. తండ్రి పేరు, హోదా, పటాలం అన్నీ ఉంటాయి. తల్లి ఈ దేశపు మనిషైతే చాలాచోట్ల చర్చిలో పెట్టిన పేరొక్కటే ఉంటుంది. ఆమె ఊరు, ఇంటిపేరు, భాష ఉండవు. మన రాజ్యాంగం 366వ అధికరణంలో ఆంగ్లో ఇండియన్‌కు ఇచ్చిన నిర్వచనం కూడా మగవారి వరుసనే పట్టుకుంది. లోక్‌సభలో వారికి నామినేషన్ సీట్లు 2020 జనవరితో పోయాయిగాని, ఆ నిర్వచనం అలాగే ఉంది. అంటే వంశవృక్షం అని మనం పిలిచేది నిజానికి ఒక పక్క కొమ్మలే ఉన్న చెట్టు.

ఇక అండర్సన్ కథల్లో మనవాళ్ల ఖాతా చూద్దాం. ఆయన పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాత్ర బైరడు. చిన్నార్ అడవిలో పరిచయమైన, దొంగవేటతో పొట్టపోసుకునే పూజారి తెగ మనిషి. అడుగుజాడ చూసి జంతువును చెప్పగల ఆ అడవి చదువు చాలావరకు బైరడి దగ్గరే నేర్చుకున్నానని అండర్సన్ దాచుకోకుండా ఒప్పుకుంటాడు. దొర కొలువులో ఉన్న నౌకరులాగా కాక, గురువులాగా, స్నేహితుడిలాగా చూస్తాడు. ఆ కాలపు వేటపుస్తకాల్లో ఈ మర్యాద అరుదు. పెన్నాగరం రంగడి విషయంలోనూ అంతే.

కాని పద్దు తిరగేస్తే తేడా కనబడుతుంది. రచయితకు ఆరు తరాలున్నాయి. బైరడికి ఒకటే తరం. అతని తాత ఏ కొండమీద ఉండేవాడు, అతని తెగవాళ్లు చిన్నార్‌కు ఎక్కడినుంచి వచ్చారు, ఇంట్లో ఏ మాట మాట్లాడేవాడు అన్నవి కథకు అక్కరలేకపోయాయి. మాట్లాడినప్పుడల్లా పాతకాలపు బరువైన ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఆ ఇంగ్లీషు వెనక ఉన్న పలుకు ఏదో మనం ఊహించుకోవలసిందే. అండర్సన్‌కు వచ్చని చెప్పే భాషలు కన్నడం, తమిళం. బొల్లారంలో పుట్టి, తిరుపతి దగ్గరి చామల లోయలోనూ పులిని వెంటాడి, శివానిపల్లి అనే పేరును అట్టమీద వేసినవాడికి తెలుగు ఆ లెక్కలోకి రాలేదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం మాట్లాడే మన ఊళ్ల మాటల తీరు ఆ కథల్లో వినిపించదు. అడవి శబ్దాలను ఒక్కొక్కటిగా పట్టుకున్న చెవి అది. అందుకే ఈ లోటు మరింత కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇక్కడ సి.పి. బ్రౌన్ గుర్తుకు రావడం సహజం. ఆయన కలకత్తాలో పుట్టి, 1820లో కడప చేరి, చివరికి లండన్ వెళ్లిపోయి 1884లో పోయాడు. దేశం వదిలి వెళ్లినవాడు మనకు నిఘంటువు మిగిల్చాడు. దేశం వదలనివాడి పుస్తకాల్లో మన పలుకు లేదు. ఎన్ని తరాలు ఉన్నారన్నది ఒక్కటే కొలత అయితే ఈ తేడా మనకు అందదు.

ఈ విషయం మనకెందుకంటారా? మన తాతలు విజయనగర కాలంలో వచ్చారని కొందరంటారు, ఎప్పుడూ ఇక్కడే ఉన్నామని కొందరంటారు. ఏదైనా సరే, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడుగాని, 1956లో రాష్ట్రాలు మళ్లీ విభజించినప్పుడుగాని మనం ఊరు కదల్లేదు. సేలం జిల్లాలో ఉన్న ఇల్లు 1965లో ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు చేరింది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. అయినా "మీదే ఊరు? ఆంధ్రానా?" అన్న ప్రశ్న మనకు తప్పదు. తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత, బడిలో మన పిల్లల తెలుగు కూడా ఇదే ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వస్తోంది. ఓడ దిగిన కుటుంబానికి ఆరు తరాల కాగితాలున్నాయి. కదలని మనకు తాత పేరు దాటితే కాగితం లేదు.

అండర్సన్‌ను తప్పుపట్టి పక్కన పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన రాయకపోతే బైరడి పేరు కూడా మిగిలేది కాదు. ఆ కథలను తెలుగు చేసే పని ఎవరైనా తలపెడితే, పుస్తకం తెలుగుకన్నా ముందు మన ఊరి తెలుగు వినాలి. బైరడి నోట గుంటూరు మాట పెట్టకూడదు. జవళగిరి, తళి, అంచెట్టి పక్క ముసలివాళ్లు అడవి గురించి, పులి గురించి చెప్పే మాటలను వాళ్ల పలుకుబడిలోనే ఎత్తి రాయాలి. ఎవరు చెప్పారు, వాళ్ల అవ్వ ఏ ఊరి ఆడబిడ్డ, ఎవరి దగ్గర విన్నారు అన్నవి కూడా పక్కనే రాసిపెట్టాలి. చర్చి పద్దులు వదిలేసిన తల్లుల పేర్లు మన పద్దుల్లోనైనా ఉండాలి. ఆ ముసలివాళ్లు ఉండగానే జరగవలసిన పని ఇది.