పిల్లల నడకకు శస్త్రచికిత్స: గేజ్ గ్రంథముపై విమర్శ

మునివేళ్లమీద నడుచు పిల్లవానిని చూడగానే “మడమ నరం బిగిసింది, కోసి వదులుచేస్తే సరి” అనుట పరిపాటి. జనులు నరమనునది నిజమునకు నరము కాదు. పిక్క కండరమును మడమ ఎముకతో కలుపు స్నాయువు. అంతకంటె పెద్ద పొరపాటు, లోపమంతయు మడమలోనే వున్నదనుకొనుట. ఈ రెండవ పొరపాటును పోగొట్టగల గ్రంథమును అమెరికా దేశపు ఎముకల వైద్యుడు జేమ్స్ గేజ్ 1991లో రచించినాడు. ఆ విషయమునే విస్తరించి, ఇతర నిపుణులతో కలిసి 2004లోను, 2009లోను వెలువరించినాడు.

సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతము, పోలియో వంటిది కాదు. పోలియోలో వెన్నుపాములోని నాడీకణములు చెడి కండరము చచ్చుబడును. ఇందులో పసితనమున మెదడుకు దెబ్బ తగిలి, కండరముల బిగువు అదుపు తప్పును. మెదడులోని గాయము పెరుగదు; కాని పిల్లవాడు పెరుగును. ఎముక పెరిగినంత వేగముగా బిగిసిన కండరము పెరుగదు. కీళ్లు వంగిపోవును; పుట్టుకతో తొడ ఎముకలో వుండు మెలిక సరికాక నిలిచిపోవును.

గేజ్ చేసిన మేలు ఈ లోపములను మూడు తరగతులుగా విడదీయుట. మెదడు గాయమువలన నేరుగా కలుగునవి మొదటివి. పెరుగుదలలో కండరములకు, ఎముకలకు వచ్చు వికారములు రెండవవి. వీటిని తట్టుకొనుటకు పిల్లవాడు తానుగా అలవరచుకొను విన్యాసములు మూడవవి. మోకాలు వంగని పిల్లవాడు పాదము నేలకు తగులకుండ కాలిని పక్కకు తిప్పి వేయును. ఆ తిప్పుట రోగము కాదు, ఉపాయము. మోకాలు సరియైన, అది దానంతట అదే పోవును. కత్తి పని ముఖ్యముగా రెండవ తరగతిలోనే.

రెండు కాళ్లూ బిగిసిన పిల్లవానికి మడమ స్నాయువును మాత్రమే పొడిగించినచో, కొందరిలో మోకాళ్లు మరింత వంగి కూలబడు నడక వచ్చును. ఏటేట ఒక్కొక్క కోత కోయుటను మెర్సర్ రాంగ్ అను వైద్యుడు “పుట్టినరోజు జబ్బు” అని ఎగతాళి చేసినాడు. ప్రతి పుట్టినరోజూ ఆసుపత్రిలోనే గడచునని ఆయన భావము. తుంటి, మోకాలు, పాదములను ఒకేసారి సరిచేయు పద్ధతిని మెల్‌బోర్న్‌లో 19 మంది పిల్లలపై పరీక్షించి 2011లో ఫలితములు ప్రకటించినారు. ఏడాదికి నడక తీరు మెరుగైనది. చేయగల పనులలో మాత్రము రెండవ ఏడుగాని మార్పు కనిపించలేదు. ఓపిక ఎంత అవసరమో దీనివలన తెలియును.

ఇక లోపము. గేజ్ కొలతలు చదునైన నేలపై, కెమెరాల మధ్య తీసినవి. దివిసీమ పిల్లవాడు నడుచునది వరిచేల గట్లమీద, వానకు జారు బురదలో. అతడు నేలపై బాసింపట్టు వేసి కూర్చొనవలెను, గొంతుకు కూర్చొనవలెను. వీటికి తగిన కొలత ప్రయోగశాలలో లేదు. శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి వ్యాయామము కావలెను. నాగాయలంకనుండియో, కోడూరునుండియో వారము వారము మచిలీపట్నమునకు పిల్లవానిని తీసుకొనిపోవు కూలివాని దినవెచ్చము గ్రంథము లెక్కలోనికి రాలేదు. వ్యాయామము సాగనిచోట మంచి కోత కూడ వ్యర్థమగును.

అయినను గ్రంథసారమునకు ఖరీదైన యంత్రములు తప్పనిసరి కావు. వీడియో చూచి నడకకు మార్కులు వేయు పద్ధతిని ఎడింబరో వైద్యులు 2003లో ప్రకటించినారు. గుడివాడ పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుడు తల్లిదండ్రుల అనుమతితో, ముందునుండియు పక్కనుండియు ఏటేట చరవాణిలో నడకను చిత్రించి వారికిచ్చిన, వైద్యునికి మిక్కిలి ఉపకరించును. మచిలీపట్నములో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. అట్టిచోట ఈ గ్రంథము పాఠ్యము కాదగినది. దాని పక్కన గట్లమీది నడకను గురించిన అధ్యాయము ఒకటి ఇక్కడివారే వ్రాసి చేర్చవలసియున్నది. అంతవరకు తల్లిదండ్రులు కోతకు ఒప్పుకొనుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుట మంచిది: తుంటినుండి పాదమువరకు అంతా చూచినారా? తరువాతి వ్యాయామము ఎవరు, ఎక్కడ చేయింతురు?