పోలిక ఆధారంగా దీర్ఘకాలిక విషప్రభావ అంచనా: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్తే ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) కనిపిస్తుంది. చాలామంది దాన్ని నేటికీ పాత పేరుతో ఆర్.ఆర్.ఎల్. అంటారు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి పురుగుమందులను దేశంలోనే తయారుచేసే పద్ధతులను రూపొందించిన సంస్థ ఇది. ఈ రెండు మందులనే ఉదాహరణగా తీసుకొని 'పోలిక పద్ధతి' (రీడ్-ఎక్రాస్) బలాబలాలను పరిశీలిద్దాం.

ఒక రసాయనానికి పరీక్షా ఫలితం లేనప్పుడు, దానికి దగ్గరి నిర్మాణం గల మరో రసాయనపు ఫలితాన్ని దానికి వర్తింపజేయడమే ఈ పద్ధతి. దీని అవసరాన్ని కాదనలేం. డాఫ్నియా అనే చిన్న నీటి జీవిపై స్వల్పకాలిక పరీక్ష 48 గంటల్లో ముగుస్తుంది. ఓ.ఇ.సి.డి. 211వ మార్గదర్శకం ప్రకారం చేసే పునరుత్పత్తి పరీక్షకు 21 రోజులు కావాలి. పుట్టి 24 గంటలు దాటని పిల్లలను పెంచి, అవి కన్న సజీవ సంతానాన్ని లెక్కించాలి. ప్రతి రసాయనానికీ ఇది చేయడం ఖర్చుతో, శ్రమతో కూడిన పని.

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం. రెండు మందులూ ఆర్గానోఫాస్ఫేట్ వర్గానివే. రెండూ నాడీవ్యవస్థలోని ఎసిటైల్‌కోలినెస్టరేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. కాబట్టి ఒకదాని విలువను మరొకదానికి వాడవచ్చా? తొందరపడకండి. మోనోక్రోటోఫాస్‌లో ఫాస్ఫరస్‌కు ద్విబంధంతో ఆక్సిజన్ ఉంటుంది. అది నేరుగా పనిచేస్తుంది. క్లోర్‌పైరిఫాస్‌లో ఆ స్థానంలో సల్ఫర్ ఉంటుంది. జీవి శరీరంలో ఆక్సాన్‌గా మారిన తర్వాతే దాని అసలు ప్రభావం కనిపిస్తుంది. ఆ మార్పు వేగం అన్ని జాతుల్లో ఒకేలా ఉండదు. పైగా మోనోక్రోటోఫాస్ నీటిలో పూర్తిగా కలుస్తుంది. క్లోర్‌పైరిఫాస్ లీటరు నీటిలో ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి కరగదు. అడుగు బురదను అంటిపెట్టుకుంటుంది. బురదలో బతికే లార్వాలకు అక్కడే ముప్పు. మోనోక్రోటోఫాస్ ఫలితాలు ఆ ముప్పును చూపలేవు.

జాతి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇమిడాక్లోప్రిడ్‌ను డాఫ్నియా చాలావరకు తట్టుకుంటుంది. మేఫ్లై పిల్లపురుగులు మాత్రం అంతకంటే ఎంతో తక్కువ గాఢతకే దెబ్బతింటాయి. డాఫ్నియా ఒక్కదాన్నే చూసి చెరువంతా క్షేమమని రాస్తే అది తప్పుడు నివేదిక అవుతుంది.

పద్ధతిలో దోషం లేదు. 'ఒకే కుటుంబం' అన్న మాటనే రుజువుగా చూపడంలో దోషం ఉంది. అంచనా ఎక్కువైతే తయారీదారుకు అదనపు పరీక్షల ఖర్చు. తక్కువైతే ఆ నష్టం చెరువుది, దానిమీద బతికే చేపలది, చేపలు పట్టేవారిది. ఈ రెండు తప్పులూ సమానం కావు. అందుకే పోలికను అంగీకరించే ముందు చర్యా విధానం, శరీరంలో మార్పు, నీటిలో ప్రవర్తన, పరీక్షించిన జాతి అనే నాలుగింటికీ ఆధారాలు అడగండి. ఏ ఒక్కదానికి ఆధారం లేకపోయినా 21 రోజుల పరీక్ష చేయించడమే సరైన మార్గం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మోనోక్రోటోఫాస్ ఫలితాలతో క్లోర్‌పైరిఫాస్ విషప్రభావాన్ని అంచనా వేస్తే ఏ జీవులకు కలిగే ముప్పు లెక్కలోకి రాదు? కారణం రాయండి.