ఇంజన్ నిర్దోషి అయినప్పుడు

రేజు పెంచితే ఇంజన్ గొంతు లేస్తుంది, పడవ మాత్రం కదలదు. చిన్న ఫైబర్ పడవ వెనుక తగిలించిన అవుట్‌బోర్డ్ మోటారుకు ఇలాంటిది జరిగినప్పుడు ముందుగా నింద పడేది ఇంజన్ మీదే. ప్లగ్ మారుస్తారు, కార్బురేటర్ విప్పుతారు, ఇంధనంలో నీళ్లు కలిశాయేమోనని ట్యాంకు వంచి చూస్తారు. నీటి అడుగున తిరిగే మూడు రెక్కల ప్రొపెల్లర్ వైపు చూపు మళ్లేది ఇవన్నీ అయ్యాకే. ఈ వరస తిరగబడాలి. ఇంజన్ హుషారుగా తిరుగుతూ పడవ నడవడం లేదంటే శక్తి పుడుతోంది, నీటికి చేరడం లేదు. వెతకాల్సింది ఆ మధ్య దారిలోనే.

ఉప్పాడ, భైరవపాలెం, నిజాంపట్నం లాంటి చోట్ల ప్రొపెల్లర్‌కు శత్రువులు ఎక్కువ. మొగ దాటేటప్పుడు ఇసుక మేటలు తగులుతాయి. వరద తెచ్చిన దుంగలు నీటి కింద కనపడకుండా తేలుతుంటాయి. తెగిపోయిన నైలాన్ వలముక్కలకు కొదవే లేదు. ఇలాంటి నీళ్లలో మోటార్లు నడిపినవాళ్లకూ, ఒడ్డున వాటిని బాగుచేసేవాళ్లకూ చెవితో, అరచేతితో, కంటితో జబ్బు పట్టే విద్య ఒకటి అలవడుతుంది. మీటర్లు లేకపోయినా ఆ పరీక్షకు ఒక క్రమం ఉంది. రెండు సంగతులు విడివిడిగా గమనించడంతో అది మొదలవుతుంది: ఇంజన్ శబ్దం ఎలా మారింది, పడవ నడక ఎలా మారింది. ఈ రెంటినీ కలిపేసి ‘లాగడం లేదు’ అని ఒక్క మాటలో చెబితే మెకానిక్‌కు ఏమీ చెప్పనట్టే.

మెల్లగా నడిపితే పడవ బాగానే పోతోంది, రేజు పెంచేసరికి శబ్దం మాత్రం పెరిగి వేగం అక్కడే ఆగిపోతోంది అనుకుందాం. అనుమానం వెళ్లాల్సింది ప్రొపెల్లర్ నడుమ ఉండే రబ్బరు బుష్ మీదికి. షాఫ్టుకు పట్టే లోపలి గొట్టాన్నీ రెక్కలున్న బయటి భాగాన్నీ పట్టి ఉంచేది ఈ రబ్బరే. రెక్క రాయికి కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ గేర్లదాకా పోకుండా కొంత తానే భరిస్తుంది. దెబ్బలు తిని పట్టు సడలాక తక్కువ బరువుకు నిలుస్తుంది, ఎక్కువ బరువుకు జారిపోతుంది. దీన్ని తేల్చే పరీక్ష తేలిక. లోపలి గొట్టం అంచు నుంచి బయటి భాగం మీదికి ఒకే గీతగా పెయింటు గీసి, ఆరనిచ్చి, పడవను బరువుతో నడిపి వచ్చి చూడాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ జారినట్టే. పాత చిన్న మోటార్లలో రబ్బరుకు బదులు షియర్ పిన్ను ఉంటుంది. అది తెగితే ఏ రేజులోనూ రెక్క తిరగదు కాబట్టి తికమక ఉండదు. ఆ పిన్ను స్థానంలో మేకు దిగ్గొట్టి నడపడం మాత్రం చాలా చెడ్డ అలవాటు. చవకైన పిన్ను తెగాల్సిన చోట ఖరీదైన గేరు పళ్లు విరుగుతాయి.

రేజు హఠాత్తుగా ఎగిసి, తగ్గించగానే మళ్లీ పట్టు దొరికిందంటే అది వేరే కథ. అలల మీద పడవ వెనుక భాగం లేచినప్పుడు, గట్టిగా మలుపు తిప్పినప్పుడు ఇది కనిపిస్తుంది. పైనుంచి గాలి దిగి రెక్కల చుట్టూ చేరుతుంది. నీటిని తొయ్యాల్సిన రెక్క నురగను తోస్తుంది. మోటారు మరీ ఎత్తున బిగించినా, బయటికి ఎక్కువ వంచినా ఇంతే. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక సుమారుగా పడవ అడుగు మట్టానికి గాని, కాస్త కిందికి గాని ఉండాలి. మోటారు తగిలించే పడవ వెనుక చెక్క 15 అంగుళాల ఎత్తు ఉంటుందని చేసిన పొట్టి షాఫ్టు మోటారును 20 అంగుళాల చెక్కకు తగిలిస్తే ఎంత మంచి ప్రొపెల్లర్ వేసినా గాలే మింగుతుంది. మలుపుతో, అలతో సంబంధం లేకుండా తిన్నని దారిలో బరువు పడ్డప్పుడల్లా జారుతోందంటే బుష్. అలతోబాటు వచ్చి అలతోబాటు పోతోందంటే గాలి. కొత్త ప్రొపెల్లర్ కొనేముందు ఈ తేడా తేల్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

గాలి పట్టడాన్ని చాలామంది కావిటేషన్ అంటారు గాని, అది ఇంకొకటి. రెక్క వేగానికి దాని ఒక వైపు పీడనం పడిపోయి, వేడి చేయకుండానే నీరు అక్కడ ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పగిలే తాకిడికి లోహం గుంటలు పడుతుంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ పార్సన్స్ తన టర్బైన్ పడవ టర్బీనియాను 1894లో నీటిలోకి దించినప్పుడు ఆశించిన వేగం రాలేదు. శక్తికి లోటు లేదు, ఒకే ప్రొపెల్లర్ దగ్గర అది బుడగల పాలవుతోంది. ఆయన నీటి తొట్టె కట్టి, చిన్న ప్రొపెల్లర్లను అందులో తిప్పి, మినుకు వెలుగులో బుడగలను కళ్లారా చూశాడు. తరువాత మూడు షాఫ్టులు, ఒక్కో దానికి మూడు ప్రొపెల్లర్లు అమర్చాడు. 1897లో స్పిట్‌హెడ్ నౌకా ప్రదర్శనలో ఆ పడవ పరుగును బ్రిటిష్ నౌకాదళం నోరు తెరిచి చూసింది.

ఆ గుంటలను చదవడం మన రేవుల్లోనూ కావాల్సిన విద్యే. రెక్క ముందు అంచున నొక్కు పడిన చోటుకు సరిగ్గా వెనుక గుంటల గుంపు ఉంటే అది బుడగల పని. నొక్కును ఆకురాయితో నున్నగా చేస్తే అక్కడితో ఆగుతుంది. గుంటలు రెక్క అంతటా, గేరుపెట్టె మీద కూడా తెల్లటి పొడితో పరచుకుంటే అది ఉప్పునీటి తుప్పు. ఆ తుప్పును తన మీదికి లాక్కునే జింక్ ముక్క అరిగిపోయిందేమో చూడాలి. రెక్కల కొసలు మూడూ సమంగా పల్చబడి మెరుస్తుంటే ఇసుక రాపిడి. దెబ్బ తగిలింది ఒక రెక్కకేనా, మూడింటికీనా అన్నది కూడా సాక్ష్యమే.

వణుకు పుట్టిందంటే టిల్లరు పట్టిన అరచేయే ముందు పసిగడుతుంది. పరీక్షకు ముందు ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆపు తాడు లాగి, ప్లగ్ వైర్లు తీసేయాలి. ఇది ఎంత తొందరలో ఉన్నా వదలకూడదు. చేత్తో తిప్పినా ఇంజన్ ఒక్కసారి అంటుకుంటే వేళ్లు పోతాయి. తరువాత ఒక పుల్లను పై పలకకు ఆనించి, కొస ఒక రెక్క అంచుకు తగిలీ తగలనట్టు పెట్టి, ప్రొపెల్లర్‌ను మెల్లగా తిప్పాలి. మూడు రెక్కలూ అదే సందుతో దాటితే వంపు లేదు. ఒకటి ముందుకో వెనక్కో తప్పుకుంటే ఆ రెక్క వంగింది. రెక్కలతోబాటు నడిమి నట్టు కూడా ఊగుతుంటే వంగింది షాఫ్టు. అప్పుడు రెక్కను సుత్తితో కొట్టి లాభం లేదు.

మన తీరంలో ఎక్కువ నష్టం చేసేది మాత్రం వల దారం అని నా నమ్మకం. రెక్కలకు చుట్టుకున్నది కనిపిస్తుంది, కోసేస్తారు. ప్రొపెల్లర్ వెనుక షాఫ్టు మీదికి జారిన సన్నటి దారం కనిపించదు. అది తిరుగుతూ బిగుసుకుని, గేరుపెట్టె మూతి దగ్గరి రబ్బరు సీలును కోస్తుంది. పడవ మామూలుగానే నడుస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. లోపల నూనె బయటికి, ఉప్పునీరు లోపలికి. అందుకే దారం తగిలిందని తెలిసిన ప్రతిసారీ ప్రొపెల్లర్ ఊడదీసి చూడాలి. కాటర్‌పిన్ను నిటారు చేసి తీసి, రెక్కకూ పై పలకకూ మధ్య చెక్కముక్క పెట్టి నట్టు విప్పాలి. వాషర్లు ఏ వరసలో వచ్చాయో అదే వరసలో గుడ్డ మీద పేర్చుకోవాలి. ముందువైపు ఉండే మందపాటి వాషరు ప్రొపెల్లర్‌కో షాఫ్టుకో అంటుకుని ఉండిపోతుంది. దాన్ని మరిచి తిరిగి బిగిస్తే ప్రొపెల్లర్ వెళ్లి గేరుపెట్టెను రాస్తుంది. దారం పోగు ఒక్కటీ మిగలకుండా తీసి, కింది స్క్రూ వదులు చేసి నూనె చూడాలి. పాలరంగులో వస్తే నీరు చేరింది, సీలు మార్చాల్సిందే. బిగించేముందు షాఫ్టు గాడులకు మెరైన్ గ్రీజు పూయకపోతే, తుప్పు పట్టి వచ్చే ఏడాది ప్రొపెల్లర్ ఊడిరాదు.

అన్నీ బాగున్నా పడవ మందంగా ఉంటే ప్రొపెల్లర్ మీద ముద్రించిన అంకెలు చూడాలి. 9¼ × 8 అంటే వ్యాసం 9¼ అంగుళాలు, పిచ్ 8 అంగుళాలు. చెక్కలో మర దిగినట్టు నీటిలో దిగితే ఒక్క చుట్టుకు 8 అంగుళాలు ముందుకు పోవాలని లెక్క. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగి, గేరు దాన్ని సగం చేస్తే, ప్రొపెల్లర్ 2500 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 508 మీటర్లు, గంటకు సుమారు 30 కిలోమీటర్లు. నీరు చెక్క కాదు గనుక పడవ అంత పోదు. ఆ లోటే జారుడు. తేలిక పడవకు తక్కువ, వలలూ ఐసూ నిండిన పడవకు చాలా ఎక్కువ. అందుకే పుస్తకంలోని అంకెతో పోల్చి లాభం లేదు, తన పడవ నిన్నటి అంకెతో పోల్చుకోవాలి. పోటుపాట్ల ప్రవాహం మోసం చేయకుండా, ఒకే బరువుతో అటూ ఇటూ నడిపి, జీపీఎస్ వేగం సగటు రాసి పెట్టుకోవాలి. పూర్తి రేజులో ఇంజన్ తన చుట్ల హద్దును అందుకోలేకపోతే పిచ్ ఎక్కువై ఉండవచ్చు. అడుగున నాచు, గవ్వలు పట్టినా ఇదే లక్షణం కాబట్టి ముందు అడుగు గీకాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే చుట్లు సుమారు 150 నుంచి 200 దాకా పెరుగుతాయి. వేగం ఆశతో పెద్ద పిచ్ వేసి, బరువు పడవను ఈడ్పించడం ఇంజన్‌ను లోపల్లోపల చంపడమే.

ఈ జ్ఞానంలో చాలా భాగం నోటిమాటగానే సాగుతోంది. విశాఖలో కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ శాఖ, కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నాయి. మత్స్యకారులకు ఇచ్చే శిక్షణలో ఇంజన్ విప్పడం నేర్పినంత శ్రద్ధగా పాడైన ప్రొపెల్లర్‌ను చదవడం నేర్పాలి. అందుకు సామగ్రి కొననక్కర్లేదు. షెడ్డుల వెనుక పారేసిన విరిగిన ప్రొపెల్లర్లు పోగుచేసి, ఏది ఎలా పోయిందో ఒక్కో దాని మీద తెలుగులో రాసి గోడకు తగిలిస్తే చాలు. మొగలో విరిగే అలల మధ్య మోటారు పట్టు తప్పితే పడవ అడ్డం తిరుగుతుంది. కాబట్టి ఇది డబ్బు లెక్కతో తీరే విషయం కాదు, ప్రాణాల సంగతి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవల వేటకు నిషేధం ఉంటుంది. ప్రొపెల్లర్లు ఊడదీసి చూడడానికి అంతకన్నా మంచి సమయం లేదు. సీలు మార్చిన మోటారును నిషేధం ముగిసేలోపే కొంతసేపు నీటిలో నడిపి, ఒక రాత్రి నిలబెట్టి, మర్నాడు కింది స్క్రూ వదులు చేసి నూనె రంగు మళ్లీ చూడాలి. స్పేర్ ప్రొపెల్లర్, నట్టు, వాషరు, నాలుగు కాటర్‌పిన్నులు, ఒక చెక్కముక్క, చిన్న గ్రీజు డబ్బా పడవలోనే ఉండాలి.