సినిమా పాటల పుస్తకం - పాఠసాక్ష్యం

అంతర్జాలంలో పాట ఉచితంగా వినిపిస్తున్న కాలంలో సినిమా పాటల పుస్తకాల గురించి వస్తున్న రచనల్లో అధికభాగం స్మృతివ్యాసాలే. హాలు గేటు దగ్గర అణాలకు అమ్మిన నాసిరకం కాగితం, కథాసంగ్రహం చివర ‘శేషం వెండితెరపై’ అన్న మాట, లక్కతో చేసిన గ్రామఫోను రికార్డు బరువు వీటిలో తరచుగా కనిపిస్తాయి. స్వెత్లానా బోయ్మ్ 2001లో గతస్మృతిని రెండుగా విభజించింది: పోయినదాన్ని తిరిగి నిలబెట్టాలనుకునేది ఒకటి, పోవడాన్ని గురించి ఆలోచించేది మరొకటి. తెలుగులో మొదటిదే ప్రబలం. వస్తువు మీది మమకారంలో అందులో అచ్చయిన పాఠం మరుగునపడింది.

ప్రతులను పోల్చి పాఠభేదాలను నిర్ణయించడం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ నుంచి వేటూరి ప్రభాకరశాస్త్రి దాకా ఆ సంప్రదాయం ఉంది. (ఆ శాస్త్రిగారి కుటుంబం నుంచే ఒక ప్రముఖ సినీకవి వచ్చినా, సినిమా పాటకు ఆ పద్ధతి అందలేదు.) సినిమా పాటకు కనీసం మూడు సాక్ష్యాలుంటాయి: పుస్తకం, రికార్డు, తెర. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున మూడు నిమిషాలకు కాస్త పైగా మాత్రమే పట్టేది. పాట పొడవైతే రెండు వైపులకూ పంచాలి, లేదా కుదించాలి. పుస్తకంలోని చరణం రికార్డులో లేకపోతే ఆ లోపం కవి నిర్ణయమా, సంగీత దర్శకుడిదా, లేక పలక కొలత వల్ల వచ్చిందా? ఈ ప్రశ్న వేయకుండా ‘మల్లీశ్వరి’ (1951) పాటల్లో కృష్ణశాస్త్రి రచనాశిల్పాన్ని నిర్ధారించడం, ఒక్క ప్రతితో ప్రబంధాన్ని పరిష్కరించడం వంటిదే.

అచ్చును, తెరపై పేర్లను గుడ్డిగా నమ్మడానికీ వీలులేదు. విడుదల నాటికే సిద్ధం కావలసిన పుస్తకం తుది కూర్పును చూసి ఉండకపోవచ్చు. ‘మాయాబజార్’ (1957)కు సంగీత దర్శకుడిగా ఘంటసాల పేరే ఉంది; కొన్ని వరుసలు సాలూరి రాజేశ్వరరావువని ప్రసిద్ధి.

డిజిటల్ వేదికల్లో గాయకుల పేర్లు ముందే కనిపిస్తాయి, రచయిత పేరు వెతికితే గాని దొరకదు. అంతర్జాలంలోని సాహిత్యం చాలావరకు విని రాసుకున్నది. పింగళి నాగేంద్రరావు వంటి పదసృష్టికర్త విషయంలో ఇది చిన్న చిక్కు కాదు. నిఘంటువులో లేని మాటను చెవి తప్పుగా పట్టుకుంటే సరిచూడటానికి అచ్చుప్రతి ముఖ్యమైన ఆధారం.

గ్రంథాలయాలు సాధారణంగా పాటల పుస్తకాన్ని గ్రంథంగా లెక్కించలేదు. అవి మిగిలింది ప్రధానంగా సేకర్తల అల్మారాల్లోనే. వారి గతాభిమానమే లేకపోతే ఈ చర్చకు ఆధారం ఉండేది కాదు. ముద్రణాలయం, సంవత్సరం, రచయిత, చరణాల సంఖ్య తెలిపే సూచి తయారైతే గాని పోలిక మొదలుకాదు.