కారని పైపు

‘లీకైతే అప్పుడు చూద్దాం లెండి’. పాత డీజిల్ పికప్ నడిపేవాళ్ల నోట వినిపించే మాటే ఇది, ఈ వారం చికాకు పెట్టిందీ ఇదే. వైపర్ల మీద, టైర్ల తయారీ తేదీల మీద నా రబ్బరు గోల భరించిన పాఠకులు దీన్నీ భరించాలి. టాటా 207 లాంటి పాతకాలపు బళ్లలో ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్ తనంతట రాదు, పంపు పీల్చుకుంటేనే వస్తుంది. ఆ దారిలో రబ్బరు పైపు పగిలిందంటే డీజిల్ బయటికి కారాలని లేదు, గాలే లోపలికి పోతుంది. కింద చుక్క పడదు, తడి కనిపించదు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోదు. ‘ఎయిర్ పట్టింది’ అంటారు. బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొడుతూ నురగ పోయి డీజిల్ నిండుగా వచ్చేదాకా ఎయిర్ తీస్తారు. పనిలో పనిగా ఫిల్టరూ మారుస్తారు. మర్నాడు మళ్లీ అదే తంతు. ఫిల్టరుకు ముందు జానెడు గాజులాంటి ప్లాస్టిక్ పైపు కాసేపు తగిలిస్తే బుడగలే గుట్టు విప్పుతాయి. అది వదిలేసి నేరుగా పంపు విప్పించుకునేవాళ్లకు ఏం చెబుతాం!

‘డీజిలే మారిపోయిందండీ’ అనేవాళ్ల మాటలో కొంత నిజముంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 రావడంతో డీజిల్లో గంధకం పరిమితి 50 పీపీఎం నుంచి 10కి దిగింది. 1993 అక్టోబరులో అమెరికా ఇలాగే గంధకం తగ్గించినప్పుడు పాత ఇంజిన్ల పంపుల దగ్గర లీకులు మొదలయ్యాయి. గంధకంతో పాటు ఆరొమాటిక్స్ కూడా తగ్గాయి. వాటిని పీల్చుకుని ఉబ్బి కూర్చున్న నైట్రైల్ రబ్బరు కాస్తా ముడుచుకుంది. కొత్త రబ్బరుకు సాగే గుణం ఉంటుంది కాబట్టి సర్దుకుంది, ఏళ్ల తరబడి వేడికి బిగుసుకున్నదే పట్టు వదిలింది. అందుకే డీజిల్ బండిలో నేను తప్పు వయసు మీదే వేస్తాను. పెట్రోలు బండికి ఈ తీర్పు చెల్లదు. ఈ20లోని ఇథనాల్ తనకు సరిపడని రబ్బరును, కొత్తదైనా సరే, ఉబ్బించి పాడుచేస్తుంది. పైగా అక్కడ లీకంటే నిప్పుతో చెలగాటం.

మరి కారేదాకా ఆగకుండా పైపులన్నీ ఒకేసారి మార్చేయాలా? అక్కడే ఒక అభ్యంతరం అడ్డొస్తుంది: కంపెనీ పైపు పదేళ్లు వచ్చింది, మార్చిన పైపు ఏడాది తిరక్కుండా పోయింది. నిజమే, కొట్లో చుట్టలోంచి మీటరు లెక్కన కోసిచ్చే పైపు మీద ఒక్కోసారి ఏ అచ్చూ ఉండదు. అది గాలికో నీళ్లకో చేసినదైతే డీజిల్ తాగి ఉబ్బుతుంది, లోపలి పొర పెచ్చులూడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ఇంధనం కోసం చేసిన పైపు ఒంటి మీద ఎస్ఏఈ జె30 ఆర్7 లాంటి గుర్తు ఉంటుంది. అది దొరికినా, తుప్పు పట్టిన ఇనుప గొట్టం మూతి గీకి నున్నగా చేయకుండా తొడిగితే గాలి మళ్లీ దూరుతుంది. క్లిప్పు అతిగా బిగిస్తే రబ్బరే తెగుతుంది. ఇదంతా లెక్కేస్తే, ఈ కాలమ్ ఎప్పుడూ వెక్కిరించే ‘కొస కోసి మళ్లీ తొడగడం’ అంత మొరటు పనేమీ కాదు. పగుళ్లు క్లిప్పు కిందే ఉండి, పైపు పొడవు సరిపోతే, అచ్చులేని కొత్తదానికన్నా అంగుళం కోసి తొడిగిన కంపెనీ పైపే నయం. వంచి చూసినప్పుడు నడిమధ్య కూడా నెర్రెలు కనిపిస్తే మాత్రం ఆ వెసులుబాటు లేదు.