జిగ్గు లేని సాన

విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి వెళ్లే దారిలో బీడు ఎక్కడుంటే అక్కడ సర్కారు తుమ్మ. తమిళంలో సీమై కరువేలం. 1877 ప్రాంతంలో మన కడప జిల్లాలో నాటించిన చెట్టే ఇది. నీళ్లు తాగేస్తోందని, పొలాలు మింగేస్తోందని అందరి చేతా తిట్లు తింటుంది. లేత్ దగ్గర మాత్రం దీనికి మర్యాద ఎక్కువ. కర్ర గట్టిది, రంగు ముదురు గోధుమ, ఆరేటప్పుడు పెద్దగా కుంచించుకోదు. దీని దగ్గరి చుట్టం మెస్కీట్ అంటే అమెరికాలో టెక్సస్ తరిమెన (లేత్) పనివాళ్లు ముచ్చటపడేదీ ఇందుకే. చిక్కల్లా ఒకటే, ఇది ఉలిని నమిలేస్తుంది. బెరడులో ఇరుక్కున్న ఇసుక చాలు, అప్పుడే పట్టిన వాదర మొద్దుబారడానికి. అందుకే బెరడు ముందే ఒలిచేయాలి. ఆ తర్వాత కూడా పని మధ్యలో పదేపదే సాన దగ్గరికి నడవాల్సిందే.

ఈ నల్లరేగడి నేల మీద తరాల కిందట వలస వచ్చిన తెలుగు కుటుంబాలున్నాయి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో చెప్పింది ఆ వలస కథే. అలాంటి సేద్యపు ఇళ్లలో కొడవలి నూరుకోవడానికి ఎవరూ పరికరం కొనరు. అదే లేత్ ఉలి అనేసరికి, కోణం తప్పకుండా బిగించి పట్టే జిగ్గు లేనిదే పని జరగదన్న భయం పట్టుకుంటుంది. జిగ్గు మంచిదే. కానీ అది లేకుండా పట్టిన సానలో ఉన్న పనితనం వేరు. నేను మెచ్చుకునేది దాన్నే.

మామూలు ఆరు అంగుళాల బెంచ్ గ్రైండర్ నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతుంది. అంటే రాయి అంచు సెకనుకు 22 మీటర్ల వేగంతో పోతుంది. ఇంత వేగం మీద చేత్తో కోణం నిలబెట్టడం మాటలా అనిపిస్తుంది. కిటుకు ఉలిని ఆనించే వరసలో ఉంది. నేర్చిన చెయ్యి ముందు పిడిని నడుముకు దగ్గరగా తెచ్చుకుంటుంది. ఏటవాలు ముఖంలో వాదరకు దూరంగా ఉన్న మడమను రాయికి తాకిస్తుంది. మెల్లగా పిడిని పైకెత్తుతూ ఆ ముఖమంతా రాయి మీద ఆనేలా చేస్తుంది. వాదర చివరికి గానీ రాయిని తాకదు. చూపు నిప్పురవ్వల మీదే ఉంటుంది. రవ్వలు కిందికే రాలుతుంటే ఇంకా మడమే అరుగుతోందని లెక్క. అవి వాదర దాటి పైముఖం మీదుగా సన్నగా పారడం మొదలైందంటే చాలు, ఆపేయాలి. ఆ మీద అరిగేదంతా డబ్బు పెట్టి కొన్న ఉక్కు.

గాడి ఉన్న గౌజ్‌కి దీనికి తోడు ఇంకో కదలిక ఉంది. కోణం చెదరకుండా ఉలిని దాని ఇరుసు మీదే దొర్లించాలి. మణికట్టుతో తిప్పితే మధ్యలో ఎక్కడో ఆగుతుంది, ఆగినచోట చదును పడుతుంది. పాదాలు ఎడంగా పెట్టి ఒళ్లంతా కదిలితే ఆ ముఖం ఒకే వంపుగా, మెట్లు లేకుండా వస్తుంది. అచ్చంగా గౌజ్‌తో పూస తీసేటప్పుడు చేసే కదలిక ఇది. లేత్ మీద కూడా మడమ ఆనించి, పిడి ఎత్తి, వాదరను కర్రకు అందించాలి. చేత్తో సానపట్టిన ప్రతిసారీ తరిమెన పని కూడా ఒక విడత సాధన అయినట్టే. జిగ్గు ఈ పాఠం చెప్పదు.

కోణం గుర్తు పట్టడానికి ఏటవాలు ముఖానికి మార్కర్ పూసి, రాయిని చేత్తో ఒకసారి తిప్పి చూస్తే చాలు, సిరా ఎక్కడ చెరిగిందో తెలుస్తుంది. నలభై డిగ్రీలకు కోసిన కొయ్య ముక్కతో ఉలి ఆనే బల్లను సరిచూసుకునేవాళ్లూ ఉన్నారు. అదీ జిగ్గే కదా అంటే, అవును, చెత్తబుట్టలో దొరికే జిగ్గు.

రవ్వలు ఉక్కు జాతిని కూడా చెబుతాయి. పాత ఆకురాయి నుంచి చేసిన కార్బన్ ఉక్కు ఉలి తెల్లగా, నక్షత్రాల్లా చిట్లే రవ్వలు విసురుతుంది. హైస్పీడ్ స్టీలు ఎర్రగా, మసకగా, తక్కువగా రాలుస్తుంది. రెంటికీ మర్యాద వేరు. కార్బన్ ఉక్కు 300 డిగ్రీల దరిదాపుల్లో నీలం తిరుగుతుంది, అక్కడ పదును నిలిచే గట్టిదనం పోతుంది. కాబట్టి తేలిగ్గా తాకించి తరచూ నీళ్లలో ముంచాలి. 1900 పారిస్ ప్రదర్శనలో లోకానికి తెలిసిన హైస్పీడ్ స్టీలు 600 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కాలిపోతున్న దాన్ని నీళ్లలో ముంచితే మాత్రం కంటికి ఆనని పగుళ్లు రావచ్చు. ఆకురాయి ఉలి గురించి ఒక హెచ్చరిక: వేడిచేసి పెళుసుదనం తగ్గించకుండా లేత్ మీద పెడితే విరిగి ముఖం మీదికి ఎగరగలదు.

మెత్తటి కర్రకు ఇంత శ్రద్ధ ఎందుకని అడిగేవాళ్లు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మల్ని చూడాలి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనికి అంకుడు కర్ర వాడతారు. మెత్తగా, తెల్లగా, సన్నటి నారతో ఉంటుంది. గట్టి కర్ర మొద్దు ఉలిని తిప్పికొడుతుంది, అంకుడు మాత్రం లొంగిపోతుంది. నార తెగకుండా నలిగి చిరుగుతుంది. తిరుగుతున్న బొమ్మకు లక్క పుల్ల ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. చిరిగిన నార మీద అంటిన లక్కను మొగలి ఆకుతో ఎంత రుద్దినా అద్దంలా మెరవదు. కోవిల్‌పట్టికి నైరుతి దిక్కున, తామ్రపర్ణి ఒడ్డు అంబాసముద్రంలో తయారయ్యే లక్క పూత వంటింటి బొమ్మలకూ ఇదే లెక్క.

పదును కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చెయ్యి కోసుకోనక్కర్లేదు. వాదరను దీపం వైపు తిప్పితే, మొద్దుబారిన చోట సన్నటి తెల్ల గీత మెరుస్తుంది. పదునైన చోట కంటికి ఏమీ ఆనదు. వాదర ఏటవాలుగా ఉండే స్క్యూ ఉలికి ఇంకాస్త పని ఉంటుంది, రాయి వదిలిన సన్నటి ముల్లును చిన్న నూనెరాయితో తీసేయాలి. కర్రను గీకే స్క్రేపర్‌కు ఆ ముల్లే కోసే పళ్లు, దాన్ని ఉంచేయాలి.

చేతి సానకు ఒకచోట నేను మినహాయింపు ఇస్తాను. లోతైన గిన్నెలు తొలిచే గౌజ్‌కి రెక్కలు వెనక్కి పొడుగ్గా పోతాయి. దొర్లించడం, పక్కకు ఊపడం, ఎత్తడం మూడూ ఒకేసారి కుదరాలి. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే అది ఒకే ముఖంగా వస్తుంది. కొత్తవాళ్లు అక్కడ జిగ్గు వాడుకోవచ్చు. పూసలకు, బొంగరాలకు, పప్పుగుత్తి కాడలకు వాడే గౌజ్‌ను మాత్రం చేత్తోనే పట్టాలి.