మర్ఫా లయ – కెమెరా లయ: ప్రయోగాత్మక నృత్యచిత్రాలపై ఒక పరిశీలన

కీలకపదాలు: మర్ఫా, తీన్‌మార్, పాతబస్తీ, లఘుచిత్రం, దేహచలనం, కూర్పు.

1. ప్రవేశిక

నృత్యాన్ని కెమెరాతో నమోదు చేయడం వేరు; కెమెరాను నృత్యంలో భాగస్వామిని చేయడం వేరు. రెండవ మార్గంలో వచ్చిన ప్రయోగాలను హైదరాబాదు పాతబస్తీ మర్ఫాకు అన్వయిస్తే వాటి శక్తితోపాటు పరిమితి కూడా తెలుస్తుంది.

2. మర్ఫా స్వభావం

నిజాముల సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు ఈ వాద్యసంప్రదాయాన్ని నగరంలో నిలిపారు. అరబ్బు సైనికుల ‘బ్యారక్స్’ వల్లనే బార్కస్‌కు ఆ పేరు వచ్చింది. పెళ్లి ఊరేగింపులో డఫ్, ఢోలు, లోహపాత్రపై కర్రల దెబ్బలు కలిసి మోగుతాయి. వాద్యకారులు ఆడేవారి నడుమనే నడుస్తారు. తీన్‌మార్ దరువు అడుగును రేపుతుంది. అడుగు ఊపందుకుంటే దరువూ వేగిరపడుతుంది. వాద్యం, దేహం ఒకదానికొకటి బదులిచ్చుకోవడమే మర్ఫాకు ప్రాణం.

3. మూడు పద్ధతులు

మాయా డెరెన్ ‘ఎ స్టడీ ఇన్ కొరియోగ్రఫీ ఫర్ కెమెరా’ (1945)లో నర్తకుడు టాలీ బీటీ అడవిలో చాపిన కాలు గదిలో దిగుతుంది. స్థలం మారినా చలనం తెగదు. అయితే అది మూకీచిత్రం. తెంచడానికి అక్కడ దరువే లేదు. అదే కూర్పును మర్ఫాకు వాడి, గల్లీలో ఎత్తిన అడుగును చార్మినార్ ముందు దింపితే, ఆ అడుగు ఏ దెబ్బకు బదులో తెలియదు.

ప్రమోద్ పతి ‘ఎక్స్‌ప్లోరర్’ (1968)లో దృశ్యాలు మెరుపువేగంతో ఢీకొంటాయి. లయ పూర్తిగా కూర్పరి చేతిలో ఉంటుంది. ఆధునిక యువత కల్లోలాన్ని చూపడానికి ఆ వేగం తగినదే. మర్ఫా విషయంలో మాత్రం, ఎవరి వాయింపూ వినకుండా తన దరువు తానే వేసుకునే వాద్యకారుడిలా కూర్పరి మిగులుతాడు. అసలు దరువును తీసేసి సినిమాపాట అతికించే పెళ్లి వీడియోలు ఈ ధోరణికి అనాలోచిత రూపాలు.

మణి కౌల్ ‘ధ్రుపద్’ (1982) లఘుచిత్రం కాదు. కాని దాని దీర్ఘదృశ్యాలు గానానికి కావలసిన కాలాన్ని గానానికే వదిలేస్తాయి. మర్ఫాకు ఈ ఓర్పు అవసరం. అయినా గాయకుని ఎదుట నిలిచే కెమెరా వీధి వాద్యానికి చాలదు. ఊరేగింపుతో అది కూడా నడవాలి.

4. ముగింపు

దృశ్యాన్ని ఎక్కడ కోయాలో దరువే చెప్పాలి. వాద్యం విరామం తీసుకున్నచోట కోత పడాలి. ఈ నియమం ప్రయోగాన్ని అడ్డుకోదు. పాతబస్తీని రంగురంగుల నేపథ్యంగా వాడుకునే సౌలభ్యాన్ని మాత్రం తొలగిస్తుంది. వాయించే చేతికి, ఆడే కాలికి మధ్య ఉన్న సంభాషణ వినిపించని చిత్రం ఎంత అందంగా ఉన్నా మర్ఫా చిత్రం కాజాలదు.